వంకాయ రంగు చీరకు రెండో వైపు

అది 2020, మొదటి లాక్‌డౌన్ సడలించిన తర్వాత వచ్చిన వానాకాలం. మేముండేది సూరత్‌లో, లింబాయత్ దగ్గర రెండు గదుల ఇంట్లో. మా ఆయన రాజేశం పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. సిరిసిల్ల నుంచి పెళ్ళికి ముందే ఇక్కడికి వచ్చేశాడు. ఆ రోజుల్లో కార్ఖానా తెరిచినా సగం మగ్గాలే తిరిగేవి. ఆయనకు ఒకరోజు పని ఉంటే ఒకరోజు ఉండేది కాదు. ఇరుగుపొరుగుకు చీరలు అమ్మే అలవాటు నాకు ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు మూతికి మాస్కు కట్టుకుని ఎవరూ గడప దాటి రావడం లేదు కాబట్టి, ఆన్‌లైన్‌లో ఒక పేజీ పెట్టి, ఫోన్ ముందు కూర్చుని తెలంగాణలో ఉన్నవాళ్ళకు అమ్మడం మొదలుపెట్టాను.

దీన్ని లైవ్ అంటాం. మనం చీర చూపిస్తుంటే అదే సమయంలో చూసేవాళ్ళు తమ ఫోన్లలో చూస్తారు. నచ్చిన చీర కనబడగానే స్క్రీన్‌షాట్, అంటే ఫోన్‌లో కనిపించే బొమ్మను అలాగే పట్టి, మన నంబర్‌కు పంపాలి. ఎవరిది ముందు వస్తే చీర వాళ్ళది. చాలామంది క్యాష్ ఆన్ డెలివరీ అడుగుతారు, పార్సిల్ చేతికొచ్చాకే డబ్బు ఇస్తారు. తీసుకోనంటే పార్సిల్ మళ్ళీ మన గుమ్మానికే వస్తుంది. దాన్ని ఆర్‌టీవో, రిటర్న్ టు ఆరిజిన్ అంటారు. పోయిన ఖర్చూ, తిరిగొచ్చిన ఖర్చూ మన నెత్తినే పడతాయి.

మొదట్లో నాలుగైదు చీరలు తెచ్చి అమ్మేదాన్ని. ఒకరోజు రింగ్ రోడ్డు మార్కెట్లో ఒక జాకార్డ్ లాట్, అంటే ఒకే రకం చీరల మూట కనిపించింది. జాకార్డ్ అంటే పువ్వులు అద్దకంలో కాకుండా నేతలోనే వచ్చే చీర. వంకాయ రంగు నేల మీద మీగడ రంగు పువ్వులు, చిలకపచ్చ మీద మీగడ, కుంకుమ మీద మీగడ. నా కాళ్ళు అక్కడి నుంచి కదల్లేదు. షాపు సేఠ్ ముందే చెప్పేశాడు.

"బెన్, ఏ మాల్ వాపస్ నహీ హోగా. సోచ్ లో."

అమ్ముడుపోకపోతే తిరిగి తీసుకోనని అర్థం. నేనేం ఆలోచించలేదు. ఇంట్లో దాచుకున్నదంతా తీసుకెళ్ళి ఆ లాట్ మొత్తం కొన్నాను. రాజేశం చీరలను చూసి తల ఊపాడు.

ఆ సాయంత్రం లైవ్ పెట్టాం. నేను ఫోన్ వెనక కూర్చుని, వస్తున్న మెసేజ్‌లు చదువుతూ మాట్లాడుతున్నాను. ఆయన గోడ ముందు నిలబడి చీర విప్పి పరిచి చూపిస్తున్నాడు. ముఖం కెమెరాలో పడకూడదని ఆయన షరతు, అందుకని చేతులే కనిపిస్తాయి. "వంకాయ రంగు, మీగడ రంగు కలిసిన చీర అక్కా, ఎంత మెత్తగుందో చూడుండ్రి" అని నేను అంటుండగానే స్క్రీన్‌షాట్లు వరద కట్టాయి. ఫోన్ వేడెక్కిపోయింది. పేర్లు రాసుకోవడానికి ఒక చెయ్యి సరిపోలేదు. గంట తిరిగేసరికి లాట్ మొత్తం బుక్ అయిపోయింది. చూపించడానికి రంగుకొకటి విప్పిన నమూనా చీరలు ఉంచుకుని, మిగతావాటికి మార్కెట్ నుంచి వచ్చిన కవర్లు విప్పకుండానే పార్సిళ్ళు కట్టి కొరియర్‌కు ఇచ్చేశాం. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

తర్వాత పద్మక్క ఫోన్ చేసింది. జగిత్యాల దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్, ఆ లైవ్‌లో మొదటి స్క్రీన్‌షాట్ ఆమెదే.

"సుజాతా, గిదేంది? నేను జూసింది గిది గాదు."

"ఫోన్‌ల రంగు కొంచెం తేడా వస్తదక్కా."

"కొంచెమా? నువ్వు సూపెట్టింది మీగడ రంగు చీర. దాని మీద వంకాయ రంగు పూలు. నువ్వు పంపింది వంకాయ చీర. నా కండ్లు మంచిగనే ఉన్నయ్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. చీర కట్టి చూసుకుని, మోజు తీరాక తిరిగి పంపేవాళ్ళు ఇలాగే మొదలుపెడతారు. చూస్తాలే అక్కా అని ముక్తసరిగా చెప్పి ఫోన్ పెట్టేశాను. కాసేపటికి ఇంకొకామె అదే మాట. ఆ తర్వాత పేజీలోనే మెసేజ్‌లు మొదలయ్యాయి: చూపించేదొకటి, పంపేదొకటి, ఎవరూ పార్సిల్ తీసుకోవద్దు అని. చాలా పార్సిళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి. అవన్నీ తిరిగొస్తే సేఠ్ తీసుకోడు, మళ్ళీ సరుకు కొనడానికి మా దగ్గర ఏమీ లేదు. నా వ్యాపారం మొదలైన చోటే ముగిసిపోతుంది.

ఇంతమంది కూడబలుక్కుని అబద్ధం చెప్పరు కదా అని, పేజీలో ఉన్న ఆ లైవ్ తెరిచి మొదటిసారి కస్టమర్‌లా చూశాను. మా ఆయన చేతుల్లో మీగడ రంగు చీర మెరుస్తోంది. వంకాయ రంగు పువ్వులు సన్నగా, అందంగా ఉన్నాయి. పద్మక్క చెప్పింది అక్షరాలా నిజం. ఆయన ప్రతి చీరనూ ఉల్టా వైపు, అంటే లోపలి వైపు చూపించాడు. నేను రెండు రంగుల పేర్లూ చెబుతూ పోయాను కాబట్టి నా మాటలో తప్పు దొరకలేదు, నా కళ్ళేమో మెసేజ్‌ల మీద ఉన్నాయి.

ఆయన్ని పిలిచి చూపించాను.

"గిదే సీదా గదా?" అన్నాడు.

"కాదు, గిది ఉల్టా. నమూనా చీర కవర్ మీది ఫోటో చూడు."

ఆయన ఫోటో చూశాడు, చీర చూశాడు, నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు. "ఈ రకం మాల్ మేము సీదా కిందికి పెట్టి నేస్తం. మగ్గం ముందర నిలబడ్డోనికి పైకి కనబడేది ఉల్టానే. పొద్దందాక నేను జూసేది గిదే సుజాతా. నా లెక్కల గిదే చీర."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నవ్వొచ్చింది, ఆ నవ్వులోంచే ఆలోచన వచ్చింది. పద్మక్కకు ఫోన్ కలిపాను.

"అక్కా, చీరను జర ఉల్టా తిప్పి చూడు."

ఫోన్‌లో గుడ్డ తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఓయమ్మ, గిదే. నేనడిగింది గిదే."

"మరి గట్లనే కట్టుకో అక్కా."

"ఉల్టా చీర గట్టుకొని బయటికి పోతే నలుగురు నవ్వరా? పిల్లల తల్లులు నన్నేమంటరు?"

రాజేశం అప్పటికే నమూనా చీరను వెలుతురుకు పట్టి అంగుళం అంగుళం చూస్తున్నాడు. దారాలు ఎక్కడా వేలాడడం లేదు. రెండు అంచులూ ఒకే వెడల్పు, తిప్పినా కిందా పైనా తేడా రాదు. "కట్టుకోవచ్చు" అన్నాడు.

ఇంక ఆగలేకపోయాను. ఫాల్, అంటే కుచ్చిళ్ళు నిలవడానికి చీర కింది అంచుకు లోపల కుట్టే పట్టీ, దాన్ని నమూనా చీరకు వంకాయ రంగు వైపు కుట్టాను. బ్లౌజ్ ముక్కను మాత్రం సీదాగా కుట్టుకున్నాను. మర్నాడు మీగడ రంగు చీర, వంకాయ రంగు జాకెట్టు వేసుకుని లైవ్‌లో కూర్చున్నాను. తిట్టడానికే చాలామంది వచ్చారు. వాళ్ళు మొదలుపెట్టేలోపే నిలబడి చుట్టూ తిరిగి అడిగాను.

"అక్కలూ, నేను కట్టుకున్నది సీదానా, ఉల్టానా? చెప్పుండ్రి."

మెసేజ్‌లు తిట్ల నుంచి తగువులోకి మారాయి. సీదా అని కొందరు, ఉల్టా అని కొందరు, ఇదే మేమడిగిన చీర అని ఇంకొందరు. అప్పుడు నేను పిలవకుండానే రాజేశం ఫ్రేములోకి వచ్చాడు. కార్ఖానా నుంచి అలాగే పెట్టుకొచ్చిన మాస్కు తీసి, చేతులు కట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాడు.

"తప్పు నాదే. నేను మగ్గం నడిపేటోన్ని. మాకు ఉల్టానే ముందు కనబడతది. గీ చీరకు రెండు దిక్కులా నేత పక్కా ఉన్నది. మీకు నచ్చిన దిక్కు కట్టుకోండ్రి. రెండూ నచ్చకుంటె వాపస్ పంపుండ్రి, మేం తీసుకుంటం."

ఆ చివరి మాట అనాలని మేము ముందు అనుకోలేదు. కానీ వెంటనే పద్మక్క మెసేజ్ వచ్చింది: ‘నాది వాపస్ పంపను. సోమవారం మీగడ దిక్కు, శుక్రవారం వంకాయ దిక్కు. ఎవలు నవ్వుతరో నవ్వనీ.’ దాని కింద నవ్వు బొమ్మలు, చప్పట్ల బొమ్మలు, ఆ వెనక ‘నాకూ కావాలి’ అని కొత్తవాళ్ళు. నేను కెమెరా ముందే ఏడ్చేశాను. ఫాల్ ఏ వైపు కుట్టాలో ఆయన చీర పట్టుకుని వివరిస్తూనే ఉన్నాడు.

కొన్ని పార్సిళ్ళు తిరిగొచ్చాయి, రాకుండా ఎలా ఉంటాయి? వాటిని రెండు వైపులా చూపించి మళ్ళీ అమ్మేశాను. అదే రకం సరుకు ఇంకా ఉందా అని సేఠ్‌ను వెళ్ళి అడిగితే, ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు.

ఇప్పుడు కొత్తగా లైవ్ పెట్టే అమ్మాయిలు లైటు ఎక్కడ పెట్టాలి, ఏం మాట్లాడాలి అని నన్ను అడుగుతుంటారు. అవన్నీ చేస్తుంటే వాటంతట అవే వస్తాయి. నేను చెప్పేది ఒక్కటే. ‘నేను చూసింది ఇది కాదు’ అని కస్టమర్ అంటే, ఆమెతో వాదించే ముందు ఆమె ఏం చూసిందో వెళ్ళి చూడండి. పద్మక్కది సాకు అనుకుని నేను అక్కడే వదిలేసి ఉంటే, రెండేసి అందాలున్న చీరలన్నీ ఇంటి నిండా పెట్టుకుని, ఒక్క వైపే చూస్తూ ఏడ్చేదాన్ని.