గంప కింద బూడిద

పోయినవి ముందు చెబుతాను. పొదుగు మీద కూర్చున్న కోడిపెట్టలు రెండు. వాటి కిందా, మూడో పెట్ట కిందా ఉన్న గుడ్లు ముప్పై నాలుగు. పెరట్లో వేపచెట్టుకి చేతికందే కొమ్మలన్నిటి ఆకు. వంటింట్లో పసుపు డబ్బా. మా వీధిలో ఇంకా కట్టెల పొయ్యి వెలిగించే నాలుగిళ్ల బూడిద. ఇవన్నీ ఒకవైపు. ఇంటి పట్టున ఉండి బతకొచ్చని మా అక్క పెట్టుకున్న ఆశ ఇంకోవైపు. మొదటివాటిని లెక్క కట్టగలను. ఆఖరిదానికి ఏ కొలత వాడాలో నాకు తెలియదు. అందుకే దాన్ని కూడా కోళ్లలోకి మార్చి చెబుతాను.

నేను అయిదో తరగతి దాటలేదు. కొబ్బరి వర్తకుల దగ్గర కాయలు లెక్కపెడుతూ లెక్క నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఊళ్లో కమతాలు పంచుకునేవాళ్లూ, చీటీ కట్టేవాళ్లూ నా దగ్గరకే వస్తారు. అక్క పలాసలో జీడి పిక్కలు కొట్టే పని చేస్తుంది. పిక్క పగలగానే తొక్కలోంచి నూనె చిమ్ముతుంది. అది తగిలిన చోట చర్మం కాలి, నల్లబడి, పొరలుగా లేస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఆడవాళ్లందరూ చేతులు బూడిదలో ముంచుకుంటారు. ముంచినా సగమే ఆగుతుంది. అక్క అన్నం చెంచాతో తింటుంది. చూసినవాళ్లు పట్నం ఎచ్చులనుకుంటారు. పులుసు తగిలితే వేళ్లు భగ్గుమంటాయని ఆవిడ ఎవరికీ చెప్పదు.

ఆ పని మానాలంటే ఎన్ని కోళ్లుండాలని ఒకసారి నన్ను అడిగింది. దాణా, చావులు, గద్దలూ ముంగిసలూ ఎత్తుకుపోయేవి, అన్నీ తీసేసి ఇరవై అని చెప్పాను.

"ఇరవై అయితే ఊరొచ్చేత్తానురా. మన పెరడు పక్కన నా వాటా జాగా ఉంది గదా, అక్కడ పాక ఏసుకుంటాను," అంది.

వాళ్లు పలాసలో ఉండేది ఒక ఇరుకు సందులో. అక్కడ కోడి కాలు పెట్టే చోటు కూడా లేదు. అందుకని నాలుగు పెట్టల్ని కొని మాకు పాలుకి ఇచ్చింది. పాలు అంటే మా వైపు పద్ధతి ఇది. పెట్టలు ఇచ్చినవాళ్లవే. పెంచేవాళ్లు పెంచుతారు. తల్లిని విడిచి తిరిగే వయసుకి ఎన్ని పిల్లలు మిగిలితే వాటిలో చెరి సగం. తెగులొచ్చి పెట్ట చస్తే ఎవరి తప్పూ కాదు. పెంచేవాడి చేతి తప్పు వల్ల చస్తే, పెంచేవాడు పెట్టకి పెట్ట ఇవ్వాలి. రెండు విడతలు పొదిగితే, ఆవిడ పెట్టలు నాలుగూ కలుపుకుని అక్కకి ఇరవై దాటుతాయని నా లెక్క.

మూడు పెట్టలు పొదుగుకి కూర్చున్నాయి. ఒకదాని కింద పన్నెండు గుడ్లు, మిగతా రెండింటి కింద పదకొండేసి. నాలుగోది మొండిది. గూట్లోకి రాదు. సాయంత్రం కర్ర పట్టుకుని తరిమినా మునగచెట్టెక్కి కూర్చునేది. ఎండలు ముదిరాక గూడు నిండా పేలు పట్టాయి. ఆవగింజలో పావు వంతు ఉండే ఎర్ర పేలు. రాత్రి కోడి నెత్తురు తాగి, పగలు కర్ర సందుల్లో దాక్కుంటాయి. పెట్టలు గుడ్ల మీద నిలవలేక లేచి గోక్కుంటున్నాయి. పెట్ట లేస్తే గుడ్డు చల్లబడుతుంది. గుడ్డు చల్లబడితే అక్క పని మానదు. నాకు కనిపించిన లెక్క అంతే.

మందు కొట్టనని ముందే అనుకున్నాను. గుడ్ల మీద కూర్చున్న కోళ్లు, పైగా ఆ పెరట్లోనే మేము తిరుగుతాం. పొడులతో పేలు పోతాయని ఫోనులో వీడియో చూశాను. సముద్రంలో ఎప్పుడో చచ్చిన సూక్ష్మజీవుల చిప్పలు మట్టిగా మారితే తవ్వి తీసే తెల్లటి పొడి ఉందట. అది పేలు ఒంటిని గీకి, ఎండబెట్టి చంపుతుందట. పలాసలో అడిగాను, టెక్కలిలో అడిగాను.

టెక్కలి కొట్టువాడు, "తెల్ల పొడంటే ముగ్గా, సున్నమా? రెండూ తెల్లగానే ఉంతాయి. ఏది కట్టమంతావు?" అన్నాడు.

సముద్రం హోరు మంచం మీదకి వినిపించే ఊళ్లో ఉంటూ సముద్రపు పొడి దొరకలేదు. సరే, మా అమ్మ వాడినట్టే బూడిద వాడదామనుకున్నాను. అది అంతకన్నా కష్టమైంది. ఒకప్పుడు పొద్దున్నే పెంటకుప్ప మీద పారబోసిన వస్తువు.

"బూడిదెక్కడిదండీ? గేసు పొయ్యి మీద బూడిద కాత్తాదేటి?" అని మా ఇంటావిడ నవ్వింది.

గిన్నె పట్టుకుని నాలుగిళ్లు తిరిగాను. ఒకావిడ, "ఏటి బావా, సన్నాసుల్లో కలిసిపోతన్నావేటి?" అంది. ఇచ్చింది మాత్రం అందరికన్నా ఎక్కువ. జల్లెడ పట్టాను. నాలుగు గ్లాసుల బూడిదకి ఒక గ్లాసు ఎండు వేపాకు పొడి, గుప్పెడు పసుపు. కోళ్లు పొర్లాడడానికి పాత టైరులో కొంత పోశాను. పొదుగు గంపల్లో గడ్డి కింద రెండేసి దోసిళ్లు. కర్ర సందుల్లో కుంచెతో కూరాను.

పని చేస్తోందో లేదో తెలియడానికి, కోళ్లు కూర్చునే కర్రకి తెల్లగుడ్డ చుట్టి తెల్లారి విప్పి ఎర్ర చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. మొదట లెక్కకి అందలేదు. తర్వాత నలభై దాకా వచ్చాయి. ఆపైన పదకొండు. పెట్టలు కుదురుగా కూర్చున్నాయి. కానీ ఈ పొడి పేలు పెట్టిన గుడ్లని ఏమీ చెయ్యలేదు. అవి పిగిలే వేళకి మళ్లీ కొత్త పొడి వెయ్యాలి. ఆ వేళ వచ్చేసరికి నాలుగిళ్లలోనూ బూడిద అయిపోయింది. చుక్కలు మళ్లీ ముప్పైకి ఎక్కాయి.

అప్పుడు బావ వచ్చాడు. అక్క మొగుడు. అక్క పనిచేసే చోటే పిక్కలు వేయించే బట్టీ దగ్గర మంట వేస్తాడు. బండి మీద రెండు బస్తాలు అడ్డంగా కట్టుకుని దిగాడు.

"గిన్నెట్టుకుని అడుక్కుంతన్నావంట గదా బామ్మర్దీ. ఇదిగో, ఊరంతా సల్లుకో."

చెయ్యి పెట్టి చూశాను. నల్లగా ఉంది. బరువుగా ఉంది. ఊదితే వేళ్ల మీద నుంచి పోలేదు. ఇదేం బూడిద అని అడిగాను.

"బూడిదకి కులమేటి? మీ అక్క రోజూ సేతులు ముంచుతాది గదా, ఆ కంపెనీదే. మనిసి సేతిని కాసింది కోడిని కాయదేటి?"

మా మనుషులు తప్ప ఇంకెవరూ చెయ్యలేని వాదన అది. జీడి మంటని ఆపేది బూడిద. కంపెనీలో కొండలా ఉన్నది బూడిద. కాబట్టి రెండూ ఒకటే. వినడానికి లెక్కలాగే ఉంది. అక్కని అడుగుదామనుకున్నాను. పనిలో ఉండగా ఫోను ముట్టుకోనివ్వరు. చుక్కలు చూస్తే పెరుగుతున్నాయి. కొలత ప్రకారం నాలుగు గ్లాసులకి ఒక గ్లాసు వేపాకు పొడి కలిపి, గంపల్లో వేశాను. గ్లాసు అంచు దాకా నింపి చేత్తో చదును చేసి మరీ కొలిచాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పొదిగే పెట్టకి పొట్ట కింద ఈకలు రాలిపోతాయి. ఉత్త చర్మమే గుడ్లని అంటుకుని ఉంటుంది. గడ్డిలోంచి పైకి తేలిన నల్లపొడి ఆ చర్మానికే తగిలింది. మర్నాడు ఒక పెట్ట గంప దిగి కళ్లు మూసుకుని నిలబడింది. ఎత్తి చూస్తే పొట్టంతా బొబ్బలు. నా వేళ్ల సందుల్లో కూడా అప్పటికే దురద పుట్టింది. ఆ పెట్ట సాయంత్రానికి చచ్చిపోయింది. రెండోది మర్నాడు పోయింది. మూడోది గుడ్లు వదిలేసి మూలన ముడుచుకుంది.

ఆదివారం అక్కా బావా వచ్చారు. అక్క గూటి దగ్గరకి రాగానే ఆగిపోయింది. వంగి, గంపలో పొడి కొంచెం తీసి వాసన చూసింది.

"ఇది తొక్క బూడిదరా. బట్టీలో సగమే కాలిన జీడితొక్క. నూనె దీన్లోనే ఉంది."

"నువ్వు చేతులకి రాసుకునేదే కదా?"

"ఇది రాసుకుంటే నాకు సేతులు మిగుల్తాయేటి? నాను రాసుకునేది టీ కొట్టు పొయ్యిలోది. కట్టె బూడిద. డబ్బాతో తెచ్చుకుంతాను." బావ వైపు తిరిగింది. "ఇన్నేళ్లుగా సూత్తన్నావు. నాను డబ్బా ఎందుకు మోత్తన్నాననుకున్నావు?"

"నాకేటి తెలుసే? నాను బట్టీకాడుంతాను, నువ్వు పిక్కలకాడుంతావు," అన్నాడు బావ.

అక్క గూటి దగ్గరే కింద కూర్చుంది. కొబ్బరినూనె అడిగి, మూడో పెట్టని ఒళ్లో పెట్టుకుని, పొట్టకి రాసి గుడ్డతో తుడిచి, మళ్లీ రాసింది. రోజూ పని దిగాక తన చేతులకి చేసుకున్నట్టే చేసింది. ఆ పెట్ట బతికింది. మళ్లీ పొదుగుకి మాత్రం కూర్చోలేదు.

నేను లెక్క చెప్పాను. ముప్పై నాలుగు గుడ్లలో నాలుగింట మూడు వంతులు పిగిలితే ఇరవై అయిదు. వాటిలో మూడింట రెండు వంతులు బతికితే పదిహేడు. సగం అక్కవి, ఎనిమిదిన్నర. పెట్టకి పెట్ట రెండు.

"తెగులొచ్చి సచ్చినాయి. తెగులుకి లెక్కేటి?" అన్నాడు బావ. తెచ్చినవాడు కదా, ఆయనకి తెగులే కావాలి.

"తెగులు కాదు. నా చేత్తో వేశాను."

"అయితే ఆ అర పిల్లని ఎలగ ఇత్తావు బామ్మర్దీ? కూరొండి ఇత్తావేటి?"

మా ఇంటావిడ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒక్కరైనా నాతో కూర్చుని ఆ అంకెలు తప్పనైనా అనరు, ఒప్పనైనా అనరు. తప్పంటే దిద్దుకుంటాను. ఒప్పంటే తీరుస్తాను.

"లెక్కలొద్దురా తమ్ముడా," అంది అక్క. "పోనాయి, పోనాయి."

గూడు కడిగి, నల్లపొడిని దూరంగా గొయ్యి తీసి కప్పెట్టాను. మందస వైపు వెళ్లినప్పుడల్లా కట్టెల పొయ్యి ఉన్న హోటలు నుంచి తెల్లబూడిద తెచ్చి వేస్తున్నాను. పేలు తగ్గాయి. మునగచెట్టు మీద పడుకునే మొండి పెట్టే ఆఖరికి పది గుడ్లు పొదిగింది. ఏడు పిగిలాయి, అయిదు మిగిలాయి. అయిదూ గంపలో పెట్టి పలాస తీసుకెళ్లి, ఇక్కడ ఎవరికైనా పాలుకి ఇచ్చుకో, లేదా అమ్ముకో, అన్నీ నీవే అన్నాను. అక్క చెంచా కంచంలో పెట్టి, నల్లటి వేళ్లతో రెండింటిని మాత్రం విడిగా తీసింది. వాటిని పక్క వీధిలో దొడ్డి ఉన్నవాళ్ల దగ్గర పెడతానంది.

"నీ పాలు నువ్వు తీసుకెల్లు. పెంచినోడికి పాలు లేకపోతే రేపెవలు పెంచుతారు?"

అయిదులో సగం రెండున్నర. ఆవిడ తీసుకున్నది రెండు. మళ్లీ అర పిల్ల నా వైపే ఉండిపోయింది. వాదిస్తే బస్సు పోతుందని లేచాను. మర్నాడు పొద్దున్న ఆవిడ మామూలుగానే బూడిద డబ్బా పట్టుకుని పనికి వెళ్లిందట.

పాత ఎనిమిదిన్నర, కొత్త అర. ఇప్పుడు లెక్క విరగకుండా సరిపోయింది, బావకి ఎగతాళి చెయ్యడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఈరోజుకి నేను మా అక్కకి ఇవ్వాల్సింది రెండు పెట్టలు, తొమ్మిది పిల్లలు.