బోర్డో చూసి వచ్చిన పెద్దమనిషి

ఇరవై ఏళ్ల కిందట ఫ్రాన్సు నుంచి మా పత్రికకు ఒక ఆహ్వానం వచ్చింది. బోర్డో నగరాన్నీ, చుట్టుపక్కల ద్రాక్షతోటల్నీ చూసి రాయడానికి రమ్మన్నారు. అందులో ఉన్నది నా పేరు. దాన్ని కొట్టేసి తన పేరు రాసుకున్నాడు మా సంపాదకుడు. ఆయనా రంగూన్‌లో మా పజుండౌంగ్ పేట తెలుగువాడే; బర్మా మర్యాదలో అందరం ఆయన్ని సయా, అంటే గురువుగారూ, అంటాం. వెళ్లాడు, వచ్చాడు, ఆరు వారాలు వరసగా రాశాడు. అప్పటి నుంచి మావాళ్ల ఇళ్లలో పెళ్లైనా, బారసాలైనా బోర్డో కథ ఆయన చెప్పాలి, నేను చప్పట్లు కొట్టాలి.

పోయినేడు నేనూ వెళ్లాను. ఊరు చూడటానికని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆయన వ్యాసాల కత్తిరింపులు సంచీలో పెట్టుకుని తప్పులు పట్టడానికి వెళ్లాను.

మూడు రోజులు నిరాశే. గారోన్ నది ఆయన రాసినట్టే బురద రంగులో, మా బోటాటౌంగ్ రేవు నీళ్లలా ఉంది. ఒడ్డున తేనెరంగు రాతి మేడలు ఆయన చెప్పిన వంపులోనే నిలబడి ఉన్నాయి. తోటల్లో వరస చివర గులాబీ మొక్క. తెగులు ముందు దానికే పడుతుందట. అదీ రాసే ఉన్నాడు. ఒక్కో వాక్యం సరిపోతుంటే నాకు ఒళ్లు మండింది.

నాలుగో రోజు పల్లెలో ఒక తోటకి వెళ్లాను. నేలమాళిగలో యజమానురాలు మా పదిమందికీ వైన్ పోసింది. అందరూ నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కనున్న బకెట్లోకి ఉమ్మేశారు. సూటు వేసుకున్నవాళ్లు కూడా. రోజంతా రుచి చూసేవాళ్లు మింగితే నిలబడలేరట, ఏ తోటలోనైనా ఇదే పద్ధతట. నలభై ఏళ్లుగా కిళ్లీ నమిలినవాణ్ణి, మూడడుగుల దూరం నుంచి చుక్క బయట పడకుండా ఉమ్మాను. "మీరు ఏ తోటలో పనిచేస్తారు?" అని ఆవిడ అడిగింది.

అక్కడే కత్తిరింపులు తీసి మళ్లీ చదివాను. ఆరింటిలోనూ ఉమ్మే మాటే లేదు. రోజుకు పాతిక కిళ్లీలు నమిలే రంగూన్ మనిషి, దొరలు బకెట్లోకి ఉమ్మడం చూసి రాయకుండా ఉంటాడా? చూడలేదు, అంతే.

తిరిగొచ్చాక రంగూన్‌లోనే లత అనే పేటలో ఒక బారసాల. భోజనాలకు ముందు ఆయన కథ ఎత్తుకున్నాడు.

"వైన్ నోట్లో పోసుకున్నాక ఏటి సేత్తారు సయా?" అన్నాను.

"ఏటి సేత్తారేటి తమ్ముడూ, మింగుతారు. నువ్వయితే ఒంపేత్తావా?"

"బకెట్ ఇవ్వలేదా?"

"బకెట్టెందుకు, కాళ్లు కడుక్కోడానికా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు పూర్తిగా ఆగేదాకా ఉండి, ఫోన్‌లో ఆ నేలమాళిగ ఫొటో తెరిచి పక్కవాళ్లకిచ్చాను. బకెట్టు, దాని మీదికి వంగిన సూట్లు.

"ఓలమ్మా, దొరలు ఉమ్ముతన్నారు!" అంది ఇంటి ముసలమ్మ, ఆయన వైపు తిరిగి. "ఇంత ఇంత సూసి ఇన్నేళ్లు కడుపులో ఎలా దాసుకున్నావు బాబూ?"

ఆయన నా వైపు వంగి గొణిగాడు. "పారిస్‌లో జొరమొచ్చి ఉండిపోనాను తమ్ముడూ. పుస్తకాలు సూసి రాసినాను."

"గట్టిగా సెప్పండి సయా, ఎనకోళ్లకి వినపళ్లేదు."

గట్టిగానే చెప్పాడు. ఎవరో నాకు అందరి ముందూ కుర్చీ వేశారు. నా బోర్డో కథ అక్కడ రైలు దిగిన దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆయన లేవబోతే, "కూకోండి సయా, మీరే ఇనాల" అన్నాను. పాయసం వడ్డించే వేళకి నేనింకా స్టేషన్ దాటలేదు.