ఎవరి చేతి మూర

కంకిపాడులో మా నాన్నమ్మ వాడిన మానిక, సోల ఇప్పుడు పప్పుల డబ్బాల్లో పడున్నాయి. గజం పోయి మీటరొచ్చింది. వీశె పోయి కిలో వచ్చింది. బంగారం కొట్టువాళ్ళయితే మిల్లీగ్రాముల దాకా పోయారు. పూలు మాత్రం మూరల్లోనే ఉండిపోయాయి. మూరంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా. ఎవరి మోచెయ్యి అంటారా? అమ్మేదానిది.

మొగుడు వదిలేశాక నేను విజయవాడ వచ్చి, గవర్నర్‌పేటలో పూలబడ్డీ ఉన్న మా మేనత్త పంచన చేరాను. ఆవిడ నన్ను తిన్నావా అని కూడా అడగలేదు. "చెయ్యి చాపవే" అంది. కన్నకూతురి చేతి పక్కన నా చెయ్యి ఆనించి చూసింది. నాది మూడు వేళ్ళ వెడల్పు తక్కువ. అత్త మొహం వెలిగిపోయింది.

"నువ్వు ఇంటికి పోయి పూలు కట్టవే" అంది కూతురితో. "ఇవాళ్టి నుంచి ఇది కూర్చుంటుంది. నా తర్వాత బడ్డీ కూడా, అందులో కూర్చున్నదానికే."

మా వదిన పదేళ్ళుగా కూర్చున్న చోటది. "నేనేం తప్పు చేశానమ్మా?" అంది.

"గెడకర్రంత చెయ్యి వేసుకుని పుట్టావు, చాలదా?"

నేను పకపకా నవ్వాను. నిలువ నీడ లేనిదానికి జాలెక్కణ్ణుంచి వస్తుంది?

మూడేళ్ళు ఆ పొట్టి చేత్తోనే కొలిచాను. మోచేతి దగ్గర దండను కాస్త మడిచి పట్టడం కూడా నేర్చుకున్నాను. "అదేం మూరమ్మా, జానెడు లేదు!" అనేవాళ్ళు. "దేవుడిచ్చిన చెయ్యండీ, అతుకేయించుకోమంటారా?" అనేదాన్ని. కట్టిన పూలు తెచ్చినప్పుడల్లా వదిన నా చేతివంకే చూసేది. చూసి ఏడవనీ అనుకునేదాన్ని.

కిందటేడు ఎదురు బడ్డీవాడు అరమీటరు స్టీలు స్కేలు తెచ్చి బల్లకి బిగించాడు. ఒకావిడ నా దగ్గర కొన్న మూరను పట్టుకెళ్ళి దాని మీద పరిచి, నలుగురికీ చూపించి మరీ తిట్టింది. జనం అటు తిరిగారు. నాలుగు రోజులు మా మల్లెలు బుట్టలోనే వాడిపోయాయి.

అయిదో రోజు అత్త వదినను వెంటబెట్టుకొచ్చింది. "లే" అంది నాతో.

"అత్తా, మూడేళ్ళు నీకు..."

"ఇప్పుడు జనానికి పొడుగు చెయ్యి కావాలి. నీ చేతిని ఏం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా?"

ఛీ, ఏం బతుకు! బజార్లో అందరి ముందూ లేచాను. ఇంకెక్కడికి పోతాను? ఇంట్లో కూర్చుని పూలు కట్టే పనికి ఒప్పుకున్నాను. కట్టేవాళ్ళకి కూలి కూడా మూరల లెక్కనే.

మర్నాడు మధ్యాహ్నం దాకా కట్టి, నా చేత్తో ఇరవై మూరలు కొలుచుకుని బడ్డీకి పట్టుకెళ్ళాను. వదిన దండ అందుకుని తన చేత్తో కొలవడం మొదలుపెట్టింది. పదిహేడు దాటి కాస్త ముక్క మిగిలింది, అంతే.

"పదిహేడు" అంది.

"ఇరవై కట్టాను వదినా. నడుం పడిపోయింది."

"మూరంటే బడ్డీలో కూర్చున్నదాని చెయ్యే కదమ్మా" అంది మెత్తగా. మిగిలిన ముక్కను పుటుక్కున తుంచి జడలో పెట్టుకుంది.