ఊరి పేరు లేని వార్త

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను పాడేరుకు బదిలీ చేశారు. హోదా డిస్ట్రిక్ట్ ఎక్స్‌టెన్షన్ అండ్ మీడియా ఆఫీసరు. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక ఆరోగ్య శాఖలో అందరూ ‘డెమో’ అనేవారు. జిల్లా వైద్యాధికారి కింద పని. పోస్టర్లు, గోడరాతలు, ర్యాలీలు, పత్రికా ప్రకటనలు మా బాధ్యత. డాక్టర్లు మమ్మల్ని విలేకరుల్లో కలిపేవారు, విలేకరులు డాక్టర్లలో కలిపేవారు. ఇద్దరి దగ్గరా మర్యాద అంతంతమాత్రమే. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి గొడవల్లేకుండా గట్టెక్కితే చాలనుకున్నాను.

ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకు నాకొక పని అప్పగించారు. ఒక వైద్య కళాశాల బృందం అరకు చుట్టుపక్కల ఊళ్ళలో సికిల్ సెల్ మీద పరిశోధన కోసం రక్తపరీక్షల సర్వే చేస్తోంది. పూర్తి ఫలితాలు వెల్లడించబోయే ముందు స్థానిక విలేకరులకు అరకులో మూడు రోజుల శిక్షణ ఇవ్వాలి. వైద్య పరిశోధనను తప్పుల్లేకుండా ఎలా రాయాలన్నది అంశం.

ఈ జబ్బు సంగతి ముందే చెప్పాలి. రక్తంలో గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి. ఆ లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే జబ్బు. ఒక వైపు నుంచే వచ్చినవాళ్ళను వాహకులు అంటారు. వాళ్ళు అందరిలాగే కొండెక్కుతారు, పోడు చేస్తారు, ముసలివాళ్ళవుతారు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే మాత్రం పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. సర్వేల్లో బయటపడేది ఎక్కువగా వాహకులే.

శిక్షణకు వచ్చినవాళ్ళంతా మండల కంట్రిబ్యూటర్లు. వీళ్ళకు జీతం ఉండదు. అచ్చయిన వార్త పొడవును బట్టి ఎంతో కొంత వస్తుంది, దాన్ని లైన్ అకౌంట్ అంటారు. దానితో ఇల్లు గడవదు కనుక ఒకరికి కాఫీ తోట, ఒకరికి జిరాక్సు షాపు. మెడలో కార్డు ఉంటే పోలీసు స్టేషన్లో కుర్చీ వేస్తారు. నిజం చెప్పాలంటే చాలామందికి అసలు జీతం ఆ కుర్చీయే.

మొదటి రోజు ‘వాహకులు రోగులు కారు’ అన్న పాఠం చెబుతుండగా పెదబయలు నుంచి వచ్చిన విలేకరి లేచి నిలబడ్డాడు. అతన్ని ఇక్కడ దొరబాబు అంటాను. అసలు పేరు అది కాదు. ఫొటో స్టూడియో నడుపుతూ బాగా అమ్ముడుపోయే ఒక పత్రికకు రాసేవాడు. ఆ సర్వే కోసం ఒక ఊళ్ళో జరిగిన రక్తపరీక్షల శిబిరం మీద తను రాసిన వార్త క్లిప్పింగు ఫోన్లో తెరిచి నా చేతికిచ్చాడు.

“ఇందులో తప్పేటో సెప్పండి సార్. రెండుపాలీలు సదివి సెప్పండి,” అన్నాడు.

చదివాను. నాతో పాటు పాఠం చెప్పడానికి వచ్చిన సర్వే బృందం డాక్టరు మాధవిగారూ చదివారు. తప్పు దొరకలేదు. వాహకులను వాహకులనే రాశాడు, జబ్బుకూ దానికీ తేడా కూడా రాశాడు. ఊరి రక్తంలోనే రోగమన్నట్టున్న శీర్షిక పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కువాళ్ళు పెట్టింది. ఊరి పేరు మొదటి వాక్యంలోనే ఉంది, అదీ సరైనదే.

ఆ ఊరు అతని భార్య పుట్టిన ఊరు. ఆమె చెల్లెలికి సంబంధం కుదిరింది. పిల్లవాడి పెద్దలు జీలుగు కల్లు పట్టుకొచ్చారు, పిల్ల పెద్దలు తాగారు. అక్కడ అది మాట ఇచ్చినట్టే. వార్త వచ్చాక పిల్లవాడి పెద్దలు రావడం మానేశారు. కొన్నాళ్ళు ఆగుదామని కబురు మాత్రం పంపారు.

“మా ఆడది నాతో మాటాడ్డం మానీసింది సార్. మా సెల్లి బతుకు నువ్వే పేపర్లో ఏసినావు అంటంది,” అన్నాడు దొరబాబు. ముందు బెంచీలవాళ్ళు నవ్వారు, అతని మొహం చూసి ఊరుకున్నారు.

నాకు చిరాకు కమ్మేసింది. అతని మీద కాదు. మూడు రోజుల పాఠంలో ఎక్కడా అతని ప్రశ్నకు జవాబు లేదు. తప్పులు ఎలా దిద్దాలో నేర్పడానికి వెళ్ళినవాణ్ణి, తప్పులేని వార్త తెచ్చి చేతిలో పెడితే ఏం చెయ్యాలి?

మాధవిగారు ఒకటే అడిగారు, ఊరి పేరు ఎందుకు రాశారని. పరిశోధన పత్రంలో ఊళ్ళకు పేర్లుండవనీ, గుర్తు కోసం అంకెలు మాత్రమే ఉంటాయనీ, రక్తం తీసేముందు ఊరివాళ్ళకు ఇచ్చే మొదటి హామీ అదేననీ చెప్పారు. హాలంతా ఒక్కసారి అడ్డం తిరిగింది. ఆ శిబిరం తాము కళ్ళారా చూసిందేనన్నారు. ఊరు రాయకపోతే అది వార్తేటన్నారు. వాళ్ళ బాధ వాళ్ళది. జిల్లా పేజీలు నడిచేదే ఊళ్ళ పేర్ల మీద. కుళాయి పాడైనా, ఎద్దు చచ్చినా ఊరి పేరుంటేనే అచ్చు, అచ్చయితేనే లైన్ అకౌంట్.

రెండో రోజు శుక్రవారం, అరకు సంత. పాఠం ఆపి అందర్నీ సంతలోకి పంపాను. ఈ మధ్య పేపర్లో రక్తం గురించి ఏం రాశారని తెలిసినవాళ్ళను అడగాలి. చెప్పింది వినాలి తప్ప దిద్దకూడదు, ఏ ఊరి పేరూ ఎత్తకూడదు. అక్కడ పేపరు చదివేది టీ బడ్డీ దగ్గర ఏ ఒక్కరో. మిగతా కొండలకు అది నోటిమాటగానే వెళుతుంది.

భోజనాల వేళకు తిరిగొచ్చారు. ఊరంతటికీ రోగమని ఒకరు చెప్పారట, సగం ఊరికని మరొకరు. అంటుకుంటుందని కొందరు, రక్తం గడ్డ కడుతుందని కొందరు. వాహకులన్న మాట ఏ నోటా రాలేదు. ఊరి పేరు మాత్రం అడిగిన ప్రతివాళ్ళూ తడుముకోకుండా చెప్పారు.

ముందురోజు నాతో అందరికన్నా గట్టిగా వాదించిన పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఊరు పేరొక్కటే సేరింది సార్. మిగతాదంతా దార్లో రాలిపోనాది,” అన్నాడు.

మర్నాడు, మూడో రోజు పాఠం అయిన వెంటనే, ఫలితాలు వెల్లడించే విలేకరుల సమావేశం. మేం పేర్లు చెప్పకపోయినా ఊళ్ళు వాళ్ళకు తెలుసు. ఒక్క పత్రిక రాస్తే చాలు, మిగతావాళ్ళకు వార్త మిస్సయ్యారని డెస్కు నుంచి అక్షింతలు పడతాయి. దొరబాబు మరదలి సంబంధం ఒక్క దారం మీద నిలిచి ఉంది, పేరు ఇంకోసారి అచ్చయితే అదీ తెగుతుంది. విలేకరులు ఒకరి వార్త ఒకరు పంచుకుని ఒకేలా రాయడాన్ని సిండికేట్ అంటారు. అది ఎంత చెడ్డదో చెప్పడానికి మూడో రోజు పాఠంలో నేనొక స్లయిడు పెట్టుకున్నాను. దాన్ని తీసేసి, ఈ ఒక్కసారికి సిండికేట్ కమ్మని నేనే అడిగాను. నా ఉద్యోగంలో అంత అడ్డగోలు పాఠం మరెప్పుడూ చెప్పలేదు.

విలేకరులు బయటికెళ్ళి టీ తాగొచ్చి ఒప్పుకున్నారు. ముందు దొరబాబు తన డెస్కుతో మాట్లాడాలన్నారు. అతను అందరి ముందూ ఫోను స్పీకర్లో పెట్టాడు. డెస్కు ఇన్‌చార్జి మాట సూటిగా ఉంది. “ఊరూ పేరూ లేని వార్త మండల పేజీలో ఎక్కడ పెట్టమంటావయ్యా? నీకు కుదరకపోతే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాం.”

దొరబాబు మెడలో కార్డు పిడికిట్లో పట్టుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతోనే అన్నాడు. “అది మా ఆడోళ్ళ ఊరు సార్. ఒకపాలి రాసినాను, ఇంక రాయను. ఇక్కడ ఇంకెవులూ రాయరు. సూసుకోండి.”

అవతల ఫోను పెట్టేశారు. సమావేశం జరిగిన మర్నాడు ఏ పత్రికలోనూ ఊరి పేరు రాలేదు. ఏజెన్సీలోని కొన్ని గ్రామాలు అనే రాశారు. దొరబాబు పత్రికలో అది మండల పేజీలో కాక లోపలెక్కడో చిన్నగా వచ్చింది. అతన్ని తీసెయ్యలేదు. ఆ కొండల్లో బండి వేసుకుని తిరిగేవాడు మరొకడు అంత తేలిగ్గా దొరకడు.

సమావేశం అయిన రోజే దొరబాబు మామ, సంబంధం ఆగిన పిల్ల తండ్రి, హాలుకొచ్చాడు. కొండమీది పెద్దలు కలెక్టరునైనా ఏకవచనంలోనే పలకరిస్తారు, అందులో అమర్యాద లేదు. “బాబూ, నువ్వే పెద్దాపీసరువంట. మా గుంటకి రోగం ఉన్నాదా నేదా, అదొక్కటి సెప్పు. ఆళ్ళకి నాను సెప్పుకుంటాను,” అన్నాడు.

మాధవిగారు ఫలితం ఆ అమ్మాయికే చెబుతామన్నారు. “కన్నోడికి కూడా సెప్పవా?” అన్నాడు ముసలాయన. ఆమె చెప్పలేదు. ఇది మరీ చాదస్తమనుకున్నాను. ఆమె నియమం లేకపోతే ఆ ఊళ్ళో ప్రతి ఆడపిల్ల ఫలితమూ సంతకెక్కేదని తర్వాత అర్థమయింది.

పై వారం సంతకు ఆ అమ్మాయి వచ్చి ఫలితం ఒక్కతే విన్నది. పిల్లవాడికి తనే కబురు పంపింది. అతనూ ఒక సంత రోజున అరకు ఆసుపత్రిలో రక్తం ఇచ్చాడు. ఆ జనంలో ఎవరు ఏ ఊరివాళ్ళో చూసేవాళ్ళు లేరు. వచ్చిన వేసవిలో పెళ్ళయింది. ఫొటోలు తీసింది దొరబాబే. ఒకటి నా ఫోనుకు పంపుతూ, భార్య మాట్లాడుతోందని కింద రాశాడు. ఇద్దరి ఫలితాలూ ఏమిటో నాకు తెలియదు, అడగలేదు.

నష్టం లేకపోలేదు. సర్వేలో తర్వాతి ఊరివాళ్ళు చాలాకాలం చెయ్యి చాపలేదు. రక్తం ఇస్తే పేపర్లో ఊరి పేరు వేస్తారన్నారు. మొదటి ఊరిని సంతలో ఇప్పటికీ ఆ జబ్బు పేరుతోనే పిలిచేవాళ్ళున్నారు.

వైద్య వార్తలో తప్పు రాయకపోవడం సగం పనే అని నాకు ఆ మూడు రోజుల్లో తెలిసింది. ఆ వార్తకు అక్కర్లేని నిజాన్ని వదిలెయ్యడం మిగతా సగం. దీన్ని పాఠంగా చెబితే విలేకరులు ఒప్పుకోరు, సంతకు పంపితే ఒప్పుకుంటారు. ఇంతసేపూ ఆ ఊరి పేరేమిటో నేను మీకు చెప్పలేదు. దానివల్ల మీకేమీ లోటు తెలియకపోతే, ఆనాడు పేపరు చదివినవాళ్ళకూ తెలిసేది కాదు.