జెరో చెంపక చెవిన పడకుండా

గల్ఫ్‌లో, జుఫైర్ అనే చోట మా హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడిచే బాలి దీవి ఆవిడ పేరు జెరో చెంపక. అందులో జెరో అన్నది బిరుదు. మామూలు ఇంటి పిల్ల గొప్పింటి కోడలైతే పాత పేరు తీసేసి ఈ బిరుదు, కొత్త పేరు తగిలిస్తారట. ఆ రోజు నుంచి కన్నతల్లి కూడా కూతురిని ‘మీరు’ అనాల్సిందే.

ఇది తెలిశాక నేను ఊరుకుంటానా? ట్రాలీ తోసుకుంటూ వెళ్ళి, నడుం వంచి దండం పెట్టేవాణ్ణి.

“మహారాణీ, తువ్వాళ్ళు మీరే మడుస్తరా, మంత్రిని పిలువాల్నా?”

ఇస్త్రీ చేసే లోవరాజు తల ఎత్తకుండానే, “ముందా మూటలు దింపండి మంత్రిగారూ” అనేవాడు. ఎనిమిదేళ్ళలో మా తెలుగు ఆమెకు సగం పట్టుబడింది. తడి తువ్వాలు నా మొహాన కొట్టేది.

భర్త పోయాడు, పొలాలూ పోయాయి. బిరుదు మాత్రం పోలేదు. పిల్లల చదువు కోసం ఇక్కడికొచ్చింది. శుక్రవారం శుక్రవారం తల్లికి ఫోన్ చేసేది. ‘జెరో, భోజనం చేశారా?’ అని తల్లి అడిగేదట. కొమాంగ్ అని పాత పేరుతో ఒక్కసారి పిలవమని ఈమె ఎన్నిసార్లు బతిమాలినా, ముసలామె భయపడి మాట మార్చేసేది. ఇప్పుడు మంచం పట్టింది. మతిమరుపు కూడా. ఆ పిలుపు వినకుండానే తల్లి పోతుందని ఈమె దిగులు.

ఫోన్లో వేరే మనిషిలా మాట్లాడి జనాన్ని ఏడిపించడం నాకు బాగా వచ్చు. ఆ విద్యే వాడమన్నాను.

“అక్కా, మొకం చూపియ్యకు, పేరు చెప్పకు. పెండ్లికి ముందు ఎట్ల మాట్లాడుతుంటివో గట్లనే మాట్లాడు.”

శుక్రవారం అన్నం వేళ స్పీకర్ పెట్టి, చిన్నపిల్లలా గారంగా ఏదో అంది. అవతల నుంచి ముసలి గొంతు, “కొమాంగ్?” అంది.

నేను బల్ల మీద దరువేశాను. లోవరాజు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆమె మొహంలో నవ్వు లేదు.

తల్లి గొంతు తగ్గించి వాళ్ళ భాషలో అడిగిందేమిటో తర్వాత ఆమే చెప్పింది.

“తల్లీ, ఆ జెరో నీ పక్కనే ఉన్నారా? పేరు పెట్టి పిలిచానని ఆవిడకు చెప్పకు.”

“లేదమ్మా. ఆవిడ ఇక్కడ లేదు.”

“అయితే కాసేపు మాట్లాడు. ఆవిడ వస్తే పెట్టేద్దాం.”

అన్నం చల్లారిపోయేదాకా కొమాంగ్ మాట్లాడుతూనే ఉంది, గుసగుసగా, మధ్యమధ్యలో తలుపు వైపు చూస్తూ.