ఆర్విల్ పోసిన కాఫీ

కెనడాలో మా పల్లె లిండాల్ నుంచి రాజధాని రెజీనాలోని శాసనసభకు మూడుసార్లు వెళ్ళిన ఆర్విల్ హౌగెన్‌కు ఉపన్యాసం చేతకాదు. మైకు ముందు నిలబడితే నీళ్ళు నమిలేవాడు. కానీ ఎవరి గోధుమచేలో కోతయంత్రం ఆగిపోయినా స్పానరు పట్టుకుని వచ్చేవాడు. మేం ఓట్లేసింది ఆ స్పానరుకే.

మూడోసారి మాత్రం ఒక మాట ఇచ్చాడు, తానుండగా మా ఆసుపత్రి మూతపడదని. రెండేళ్ళకే అతని పార్టీ ప్రభుత్వమే పల్లె ఆసుపత్రులు మూయాలని బిల్లు తెచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఓటింగు నాడు జ్వరమని ఇంట్లో పడుకోవచ్చు. పడుకోలేదు. డాక్టరే నిలవని ఆసుపత్రికి బదులు అంబులెన్సు ఇమ్మని బేరమాడి, మూయడానికే ఓటేశాడు. ఆ సంగతి మాకు రేడియోలో తెలిసింది.

ఏటా కోతలయ్యాక చర్చి కింది హాల్లో టర్కీకోడి విందు. మా శాసనసభ్యుడెవరైనా సరే, బల్లబల్లకూ తిరిగి అందరికీ కాఫీ పోశాకే తన పళ్ళెం ముట్టాలి.

"ఈ ఏడు మానెయ్. ఒంట్లో బాలేదని నేను చెప్తాలే," అందట భార్య వెర్నా.

"దాక్కోడానికా నన్ను గెలిపించారు?" అని వచ్చేశాడు.

నేను బంగాళదుంపలు వడ్డిస్తున్నాను. అతను కెటిల్ వంచబోయిన ప్రతిచోటా కప్పుకు అరచెయ్యి అడ్డం పడింది. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాకు ప్రాణం ఉసూరుమంది.

చివరి బల్ల దగ్గర ఎడ్నా ఉంది. ఆ ఆసుపత్రిలోనే నర్సుగా జుట్టు నెరిసి, ఇప్పుడు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఆవిడ కప్పు ముందుకు చాపింది.

"చూస్తావేం, పొయ్యి. చెయ్యి లాగుతోంది."

పోశాడు.

"ముందే చెప్తున్నా ఆర్విల్, ఈసారి నీకు ఓటెయ్యను."

"తెలుసు ఎడ్నా. పాలు పొయ్యనా?"

"పొయ్యి. పంచదార కూడా వెయ్యి. నీ కాఫీ ఎప్పుడూ కషాయమే!"

హాలు గొల్లుమంది. కొన్ని చేతులు కప్పుల మీంచి లేచాయి. అన్నీ లేవలేదు.

వసంతంలో ఎన్నికలొచ్చాయి. ఆర్విల్ ఓడిపోయాడు. మర్నాడు పలకరించడానికి వెళ్తే, ఎడ్నా కూడా ఓటు వెయ్యలేదటగా అని నోరు జారాను.

"వెయ్యనని నా మొహం మీదే చెప్పిందిగా," అన్నాడు. "నేనూ ఆ బిల్లుకు ఓటెయ్యడానికి రెజీనా వెళ్ళేముందు మీ అందరి మొహం మీదా అట్లాగే చెప్పాల్సింది."