రాజు గారి ప్రయాణం ఫోటోలు

అర్జెంటీనా జలపాతం దగ్గర ముంగిసలాంటి జంతువొకటి శ్రీనివాసరాజు గారి చేతిలోని ఆత్రేయపురం పూతరేకుల పొట్లం లాక్కుపోయింది. "నెమ్మదిగా తినండి, పొలమారుద్ది," అని ఆయన దానికి మర్యాదగానే చెప్పారు.

భీమవరంలో రొయ్యల చెరువులు చూసుకునే ఆయనకు దేశాలు తిరిగే సరదా ఎప్పుడూ లేదు. ఈ దారంతా మ్యాపు మీద గీసుకున్నది ఆయన భార్య రత్నమాణిక్యం గారు. తీరా బయల్దేరే నెలలో ఆవిడ పోయారు. ఆవిడ కొనుక్కున్న బ్యాక్‌ప్యాకే భుజాన వేసుకుని, ఆయన బస్సులు మారుతూ సముద్రతీరం, మంచునది, కొండలు, ఆవిడ గీసిన వరసలోనే చూశారు. ప్రతిచోటా ఎవరినో బతిమాలి ఫోటో తీయించుకుని కూతురికి పంపారు.

కూతురు సుప్రజ ఫోన్లో విసుక్కుంది. "ఏంటి నాన్నగారూ, అన్ని ఫోటోల్లోనూ ఓ వారకి ఒదిగి నిలబడ్డారు? పక్కనంతా ఖాళీయే!"

"ఎడమపక్క మీ అమ్మది కదమ్మా."